అమెరికా లెక్కింపు, మన వీధి జాబితా

నవంబరు 6, బుధవారం. బందరులో జుహర్ నమాజు ముగించుకుని జనం మసీదు మెట్లు దిగే వేళకు అమెరికా అధ్యక్ష ఎన్నికలో డొనాల్డ్ ట్రంప్ గెలుపు దాదాపు ఖాయమన్న వార్త వచ్చింది. చెప్పులు వేసుకుంటూనే ఇద్దరు ముగ్గురు యువకులు ఫోనులు తీశారు. పెన్సిల్వేనియా అన్నారు, జార్జియా అన్నారు, విస్కాన్సిన్ అన్నారు. ఏ రాష్ట్రానికి ఎన్ని ఎలక్టోరల్ ఓట్లో వారికి కంఠతా వచ్చు. పక్కనే నిలిచి వింటున్న ఒక పెద్దాయన, "ఎవరు గెలిస్తే ఏముంది బాబూ! బాంబు వేసే చెయ్యి మారుతుందేమో గాని బాంబు మారదు కదా" అని నిట్టూర్చి వెళ్లిపోయారు.

ఆ తరువాతి వారాలలో సంఘం పనుల మీద మేము బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో తిరిగాము. ఎక్కడికి వెళ్లినా పని మాట అయిన తరువాత సంభాషణ అమెరికా మీదికే మళ్లింది. వేల మైళ్ల ఆవల జరిగిన ఎన్నిక గురించి కృష్ణా నది చివరి పాయల దాకా ఇంత చర్చ ఎందుకు జరుగుతున్నదని మాకు మొదట ఆశ్చర్యం కలిగింది. కాని ఆ మాటలను ఓపికగా విన్న కొద్దీ, అవి నిజానికి అమెరికా గురించినవి కావని, మన భయాలు, మన ఆశలు, మన బతుకుతెరువుల గురించినవని అర్థమైంది. అందుకే ఈ నెల సంపాదకీయాన్ని ఆ మాటలకు కేటాయిస్తున్నాము.

బందరులో మేము ఎక్కువగా విన్నది తల్లిదండ్రుల ఆందోళన. రోల్డ్‌గోల్డ్ నగల పనిలో జీవితమంతా గడిపిన ఒక తండ్రి, ఇల్లు తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి కొడుకును ఎం.ఎస్. చదువుకు టెక్సాస్ పంపారు. "వాడికి చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోనిస్తారా అండీ? పేరులో మహమ్మద్ ఉన్నందుకు విమానాశ్రయంలో ఆపేస్తారా?" అని మమ్మల్ని అడిగారు. మేము ఏ అధికారంతో సమాధానం చెప్పగలము? అయితే ఆ భయం ఆయన ఒక్కరిది కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3 లక్షల 31 వేలు దాటిందని, చైనాను మించి మన దేశం మొదటి స్థానానికి చేరిందని 2024 నవంబరులో లెక్కలు వెలువడ్డాయి. వారిలో తెలుగు పిల్లలు ఎందరో మన వీధుల్లోని ఇళ్లే సాక్ష్యం చెబుతాయి.

గుడివాడలో గాలి వేరుగా ఉన్నది. అక్కడ అమెరికా అంటే పరాయి దేశం కాదు, పక్క ఊరి లాంటిది. మొన్నటి ఎన్నికలలో గుడివాడ శాసనసభ్యునిగా గెలిచిన వెనిగండ్ల రాము గారు అమెరికా ప్రవాసం నుండి వచ్చి పోటీ చేసినవారే. ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన జె.డి. వాన్స్ సతీమణి ఉష చిలుకూరి మూలాలు మన రాష్ట్రంలో ఉన్నాయని తెలిసిన నాటి నుండి ఆ ఉత్సాహం రెట్టింపయింది. పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పూజలు చేశారు, ఫలితం రాగానే సంబరాలు జరుపుకున్నారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు కూడా ఆమెకు అభినందనలు తెలిపారు. గుడివాడ బజారులో బట్టలు కుట్టే ఒక సోదరుడు, "మన తెలుగు ఆడపడుచు అంత ఎత్తుకు వెళ్లింది, మనకూ గర్వమే కదా భాయ్" అని మనస్ఫూర్తిగా అన్నాడు. పక్క దుకాణంలోని వాడు వెంటనే, "కమలా హారిస్ తల్లి కూడా మన పక్క తమిళనాడు మనిషే కదా, మరి ఆమె ఓడినందుకు ఎవరికి దుఃఖం?" అని అడిగాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మేము కూడా నవ్వాము గాని, ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు.

దివిసీమలో నవ్వులు తక్కువ. నాగాయలంక వైపు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు వేసిన ఒక రైతు, అమెరికా ఎన్నిక అనగానే మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. సీడు, మేత, కరెంటు, కౌలు అన్నీ కలిపి కిలోకు ఎంత పడుతుందో, వంద కౌంటుకు కొనుగోలుదారు ఎంత ఇస్తున్నాడో వేళ్ల మీద చెప్పి, "అక్కడ వాడు పన్ను వేస్తే ఇక్కడ మా చెరువు ఎండుతుందండీ" అని ముగించాడు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. 2023-24లో మన దేశం నుండి 60 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి కాగా, విలువలో సుమారు మూడో వంతు ఒక్క అమెరికాకే వెళ్లింది. దానిలో సింహభాగం రొయ్యలదే. రొయ్యల సాగులో దేశానికి మొదటి రాష్ట్రం మనది. దిగుమతులన్నిటి మీద సుంకాలు పెంచుతానని ట్రంప్ ప్రచారమంతా చెబుతూ వచ్చారు. అయితే ఆ రైతు మరచిన విషయం ఒకటున్నది. మన రొయ్యల మీద 5.77 శాతం ప్రతితుల్య సుంకాన్ని అమెరికా వాణిజ్య శాఖ ఖరారు చేసింది 2024 అక్టోబరులో, అంటే బైడెన్ పాలనలోనే. పార్టీ ఏదైనా వారి మత్స్యకారుల ఓటు వారికి ముఖ్యం. మన చెరువు గట్టున ఓటు లేదు.

చెరువు యజమాని బాధ అదైతే, ఆ చెరువు మీద కూలికి వెళ్లేవారి బాధ ఇంకొకటి. శుద్ధి కర్మాగారంలో రొయ్య తలలు తీసి, వలిచే పనికి వెళ్లే ఒక సోదరిని మేము అదే ప్రశ్న అడిగాము. "ఎవరు గెలిచారో నాకు తెలియదు అన్నయ్యా. సరుకు రాకపోతే బండి రాదు. బండి రాని రోజు కూలి లేదు" అన్నది ఆమె. ఈ ఎన్నిక మీద మేము విన్న వ్యాఖ్యానాలన్నిటిలో అంతకంటె సూటిగా ఉన్నది మరొకటి లేదు.

ఇక మన సముదాయంలో ఇంటింటా వినిపించిన మాట గాజా. అప్పటికి ఏడాదికి పైగా సాగిన ఆ దాడులలో మృతుల సంఖ్య 43 వేలు దాటిందని 2024లో అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. ఆయుధాలు అందించిన పాలకులు ఓడిపోయారని కొందరు తృప్తిపడ్డారు. యుద్ధాలు ఆపుతానన్న మనిషి వచ్చాడని మరికొందరు ఆశపడ్డారు. 2015 డిసెంబరులో ముస్లింలెవరినీ అమెరికాలోకి రానివ్వరాదని ప్రకటించినవాడూ ఆయనే కదా అని ఇంకొందరు గుర్తుచేశారు. ఒకే ఇంట్లో తండ్రి ఒక మాట, కొడుకు ఒక మాట, కోడలు ఇంకొక మాట అన్న సందర్భాలు కూడా మేము చూశాము. ఈ మూడు మాటలలోనూ కొంత నిజమున్నది. అందుకే వీటిని చరిత్రతో కలిపి చూడవలసి ఉన్నది.

2000 సంవత్సరంలో అమెరికాలోని ప్రముఖ ముస్లిం సంఘాలు కలిసి జార్జి బుష్‌కు మద్దతు ప్రకటించాయి. విచారణలలో రహస్య సాక్ష్యాలను వాడరాదన్న తమ కోరికకు ఆయన అనుకూలంగా మాట్లాడారన్నది వారి ఆశ. ఫ్లోరిడాలో కేవలం 537 ఓట్ల తేడాతో ఆయన అధ్యక్షుడయ్యారు. ఏడాది తిరగకముందే న్యూయార్క్ మీద ఘోరమైన ఉగ్రదాడి జరిగింది. ఆపై పేట్రియట్ చట్టం వచ్చింది, అఫ్ఘానిస్తాన్ మీద యుద్ధం వచ్చింది, 2003లో ఇరాక్ మీద యుద్ధం వచ్చింది. మద్దతిచ్చిన వారి ఇళ్ల మీదనే నిఘా పడింది. 2008లో బరాక్ ఒబామా గెలిచినప్పుడు ఆయన పేరులో హుస్సేన్ ఉన్నదని మన ఊళ్లలో మిఠాయిలు పంచినవారిని మేము ఎరుగుదుము. ఆయన పాలనలోనే పాకిస్తాన్, యెమెన్ దేశాల మీద డ్రోను దాడులు విపరీతంగా పెరిగాయి. పేరు చూసి సంతోషించినవారికి ఆ పేరు ఏమీ చేయలేదు.

ఈసారి మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్ పట్టణం కథ కూడా అటువంటిదే. అరబ్బు సంతతి వారు అధికంగా నివసించే ఆ పట్టణం 2020లో బైడెన్‌కు పెద్ద ఆధిక్యం ఇచ్చింది. గాజా విషయంలో తమ మొర వినలేదన్న ఆగ్రహంతో, ఫిబ్రవరిలో జరిగిన ప్రాథమిక ఎన్నికలోనే ఆ రాష్ట్రంలో లక్ష మందికి పైగా 'ఎవరికీ కట్టుబడలేదు' అన్న గుర్తుకు ఓటు వేసి హెచ్చరించారు. పార్టీ వారి హెచ్చరికను లెక్కచేయలేదు. నవంబరు వచ్చేసరికి ఆ ఓట్లు మూడు చోట్లకు చీలిపోయాయి. డియర్‌బోర్న్‌లో ట్రంప్ మొదటి స్థానంలో నిలిచారు. సుమారు 80 వేల ఓట్ల తేడాతో ఆ రాష్ట్రమే ఆయన వశమైంది. ఫలితం వచ్చిన వారం తిరగక ముందే ఇజ్రాయెల్‌కు రాయబారిగా ఆయన ఎంపిక చేసిన వ్యక్తి మైక్ హకబీ. ఆక్రమిత పశ్చిమ తీరంలోని యూదు స్థావరాలను బాహాటంగా సమర్థించే నాయకుడు ఆయన. ఆశపడ్డవారికి అంతకంటె వేరే జవాబు అవసరం లేదు.

ఇందులో డియర్‌బోర్న్ ప్రజలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. బంధువుల శవాలను ఫోనులో చూసిన వారి ఆగ్రహానికి మనం తీర్పరులం కాజాలము. మేము చెప్పేది ఒక్కటే. ఓటు వేసిన మరునాడు అడిగే శక్తి లేకపోతే, ఎవరికి వేసినా ఆ ఓటు కోపంగానో, కానుకగానో మిగిలిపోతుంది. దానికి బేరం శక్తి రాదు.

గుడివాడ దుకాణం ముందు విన్న ప్రశ్నకు ఇక వద్దాము. మనవాడు, మనది అన్న అభిమానం తప్పు కాదు. తెలుగింటి బిడ్డ పైకి వస్తే తెలుగువారు సంతోషించడం సహజం, ముస్లింలు తెలుగువారే గనుక ఆ సంతోషంలో మనకూ వాటా ఉన్నది. కాని రక్తసంబంధం న్యాయానికి హామీ కాదు. తనవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షానే నిలబడమని మన ధర్మం బోధిస్తుంది. ఆ కొలమానాన్ని మనం పాలకులకు పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

ఇక్కడ ఒక సంఘటనను గుర్తుచేయక తప్పదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతే పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే మన తెలుగు ఇంజనీరును ఒక తుపాకిధారి కాల్చి చంపాడు. ఆయన మిత్రుడు గాయపడ్డాడు. వారిద్దరినీ ఇరాన్ దేశీయులనుకుని హంతకుడు ఆ ఘాతుకానికి పాల్పడ్డాడు. ఏడు ముస్లిం దేశాల ప్రజలకు ప్రవేశం నిషేధిస్తూ ట్రంప్ ఉత్తర్వు వెలువడింది అంతకు నెల రోజుల ముందు, జనవరి 27న. ముస్లింల మీద నూరిన ద్వేషం చివరికి ఒక హిందూ కుటుంబం మీద పడింది. ద్వేషం తుపాకి పట్టినప్పుడు మతమడిగి కాల్చదు. 'ముస్లింలను ఆపితే మనకేం' అనుకునే మన ఇరుగుపొరుగు వారికి ఈ సంగతిని ప్రేమతో చెప్పవలసి ఉన్నది. ఆ రాత్రి హంతకుడిని పట్టుకోబోయి తాను తూటా తిన్నవాడు ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లజాతి అమెరికన్ యువకుడు. ఆ సంగతి కూడా చెప్పవలసిందే. అమెరికా అంటే ఆ హంతకుడూ కాదు, అధ్యక్షుడూ కాదు. లేచి నిలబడ్డ ఆ యువకుడు కూడా అమెరికాయే. నిషేధ ఉత్తర్వు వచ్చిన రోజున విమానాశ్రయాల దగ్గరికి పరుగెత్తుకు వచ్చిన న్యాయవాదులూ, సామాన్యులూ కూడా అమెరికాయే.

ఇప్పుడు మన ఇంటి మాట.

2024 నవంబరు 30న మన రాష్ట్ర ప్రభుత్వం వక్ఫ్ బోర్డు నియామకానికి సంబంధించిన 2023 నాటి ఉత్తర్వును ఉపసంహరించుకుంది. బోర్డు చాలాకాలంగా పనిచేయడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కొత్త బోర్డు ఎప్పుడు వస్తుంది, అందులో ఎవరుంటారు, ఈలోగా మన మసీదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల భూములకు కాపలా ఎవరు అన్నవి అప్పటి ప్రశ్నలు. పెన్సిల్వేనియా ఓట్ల సంఖ్య చెప్పగలిగిన ఆ యువకులను మేము ఈ విషయం అడిగితే, ఇద్దరికి వార్తే తెలియదు. వారిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. వారికి చెప్పవలసిన మేము సకాలంలో చెప్పలేదన్నదే నిజం.

2024 ఆగస్టు 8న లోక్‌సభలో ప్రవేశపెట్టిన వక్ఫ్ సవరణ బిల్లు ఆ ఏడాది చివరలో సంయుక్త పార్లమెంటరీ సంఘం ముందు ఉండింది. దీర్ఘకాల వినియోగం ద్వారా వక్ఫ్‌గా గుర్తింపు పొందే విధానాన్ని తొలగించడం, బోర్డులలో ముస్లిమేతరులను నియమించడం, ప్రభుత్వ భూమి అన్న వివాదం వస్తే కలెక్టరు నిర్ణయించడం దానిలోని ముఖ్యాంశాలు. కాగితం లేకుండా తరతరాలుగా నమాజు జరుగుతున్న పల్లె మసీదులకు, ఊరి చివరి ఖబ్రస్తాన్లకు దీని అర్థమేమిటో ఆలోచించండి. 1864 నాటి ఉప్పెన బందరును, 1977 నాటి ఉప్పెన దివిసీమను ముంచెత్తాయి. అటువంటి నేలలో పాత కాగితాలు ఎన్ని ఇళ్లలో మిగిలి ఉంటాయి?

ఈ బిల్లు భవిష్యత్తు నిర్ణయించినది వాషింగ్టన్ కాదు. కేంద్రంలోని ప్రభుత్వం నిలబడిందే మిత్రపక్షాల మీద. ఆ మిత్రపక్షాలలో తెలుగుదేశానికి 16 మంది, జనసేనకు ఇద్దరు లోక్‌సభ సభ్యులున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు మన బందరు సభ్యులు వల్లభనేని బాలశౌరి గారు. ట్రంప్‌ను మనం అడగలేము. బందరు ఎంపీని అడగగలము. అడిగే హక్కు మనకున్నది, వినవలసిన బాధ్యత ఆయనకున్నది. ఎంతమంది అడిగాము?

అడగాలంటే ముందు మన పేరు జాబితాలో ఉండాలి. ఇక్కడ మా తప్పు మేమే చెప్పుకుంటాము. దశాబ్దాల పాటు గుమాస్తాగా కాగితాల మధ్య బతికినవారమే మేము. దరఖాస్తు ఎలా నింపాలో ఊరంతటికీ చెప్పినవారమే. అయినా మొన్న మే 13న పోలింగు నాడు మా ఇంటి కోడలు బూతు నుండి వెనుదిరిగి వచ్చింది. పెళ్లయి మా ఇంటికి వచ్చి మూడేళ్లయినా ఆమె పేరును పుట్టింటి ఊరి జాబితా నుండి మార్పించే ఫారం 8 మేము దాఖలు చేయలేదు. ఇవాళ రేపు అనుకుంటూ గడిపేశాము. ఆ సాయంత్రం ఆమె, "అందరి కాగితాలూ చూస్తారు కదా మామయ్యా" అని మాత్రం అన్నది. ఆ ఒక్క మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

మన ఇళ్లలో ఇటువంటివి ఎన్నో. ఆధార్‌లో బేగం, ఓటరు కార్డులో బీబీ. ఒకచోట షేక్ ముందు, ఇంకొకచోట వెనుక. గల్ఫ్ వెళ్లిన కొడుకు పేరు తొలగిపోయిన సంగతి అతడు తిరిగివచ్చి పోలింగు బూతుకు వెళ్లేదాకా ఎవరికీ తెలియదు. మరణించిన తాతగారి పేరు మాత్రం జాబితాలో పదిలంగా ఉంటుంది. కోపగించుకోవడానికి మనకు ఎప్పుడూ తీరిక ఉంటుంది, ఫారం నింపడానికే ఉండదు.

ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా 2024 అక్టోబరు 29న వెలువడింది. అభ్యంతరాల గడువు నవంబరు 28తో ముగిసింది. తుది జాబితా 2025 జనవరి 6న వెలువడింది. గడువు దాటిందని నిరాశ పడవలసిన పని లేదు. నమోదు ఏడాది పొడవునా సాగుతుంది. 17 ఏళ్లు నిండిన పిల్లలు కూడా ముందుగా దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలలో ఏనాటికి 18 నిండితే ఆనాటి అర్హతతో పేరు చేరుతుంది. కొత్త నమోదుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7, తప్పుల సవరణకూ, చిరునామా మార్పుకూ ఫారం 8. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోవడం ఏడు అమెరికా రాష్ట్రాల పేర్లు గుర్తుంచుకోవడం కంటె కష్టమేమీ కాదు.

కాబట్టి బందరు, గుడివాడ, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మా పాఠక కుటుంబాలకు మా మనవి ఇది. తుది జాబితా రాగానే ప్రతి మసీదు కమిటీ తమ మొహల్లా భాగం జాబితాను తెచ్చి, జుమా నాడు అందరికీ కనిపించేలా ఉంచాలి. చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా ఇల్లిల్లూ తిరిగి పేర్లు సరిచూడాలి. ఆడవారి పేర్లు వారు చూసినంత శ్రద్ధగా మగవారు చూడరని మా అనుభవం. ప్రతి మసీదు, ఈద్గా, ఖబ్రస్తాన్ పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత సర్వే నకళ్లు, ఏది దొరికితే అది రెండు ప్రతులు తీసి రెండు వేర్వేరు ఇళ్లలో భద్రపరచాలి. ఉప్పెన వచ్చే ఊళ్లలో ఒకే పెట్టెను నమ్మరాదు. వక్ఫ్ సవరణ మీద మన అభిప్రాయాన్ని మర్యాదగా, సంతకాలతో, మన ఎంపీకి లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ విన్నపం మీద మన సంతకాలతో పాటు పక్కింటి హిందూ, క్రైస్తవ సోదరుల సంతకాలు కూడా ఉంటే దాని బరువు వేరు.

అమెరికా గురించి మాట్లాడుకోవద్దని మేము చెప్పడం లేదు. రొయ్య ధర, పిల్లవాడి వీసా, గాజా పసిపిల్లల ప్రాణం అన్నీ ఆ దేశపు నిర్ణయాలతో ముడిపడి ఉన్నప్పుడు మాట్లాడుకోక ఎలా ఉంటాము? తప్పక మాట్లాడుకుందాము. ఒలేతేలో లేచి నిలబడ్డ యువకుడి వంటి వారు అక్కడ పెరగాలని ప్రార్థిద్దాము. టెక్సాస్‌లో ఉన్న బందరు పిల్లవాడు క్షేమంగా చదువు ముగించి తల్లిదండ్రుల అప్పు తీర్చాలని దువా చేద్దాము. దువా ముగిశాక లేచి మన వంతు పని చేద్దాము.

2021 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగిన పంచాయతీ, పురపాలక ఎన్నికల గడువు అయిదేళ్లు. వీధి దీపం, మురుగు కాలువ, ఖబ్రస్తాన్ ప్రహరీ, ఉర్దూ బడి పంతులు పోస్టు, ఇవి అడిగే ఎన్నికలు అవే. ఆనాటికి మన మొహల్లాలలో ఒక్క కోడలు కూడా బూతు నుండి వెనుదిరిగి రాకూడదు. మా ఇంట ఫారం 8 ఈ నెల మొదటి వారంలోనే దాఖలు చేశాము. రసీదు ఆమె చేతికే ఇచ్చాము.